ఆలాయిస్ ఆల్జీమర్

జర్మనీ దేశమున మార్క్ట్‌బ్రైట్ అను చిన్న పట్టణము కలదు. ఆలాయిస్ ఆల్జీమర్ అచ్చట 1864వ సంవత్సరము జూన్ 14వ తేదీన జన్మించెను. 1887లో వైద్యపట్టమును పొంది, మరుసటి ఏట ఫ్రాంక్‌ఫర్ట్ నగరమందలి మానసిక వైద్యశాలలో చేరెను. ఉద్రేకులైన రోగులను బంధించి యుంచు ఆచారము అప్పటికింకను పలుచోట్ల కలదు. ఆల్జీమర్ దానిని విడిచి, వారితో ఓపికగా మాటలాడెడివాడు. అచ్చటనే నిస్సల్ అను వైద్యుడు ఆయనకు ప్రాణమిత్రుడయ్యెను. మెదడు కణములకు రంగు పట్టించి స్పష్టముగా చూపు విధానమును కనుగొన్నవాడు ఈ నిస్సలే.

1901లో ఆల్జీమరునకు భార్యావియోగము కలిగెను. ఆ యేటనే నవంబరు 25న అగుస్తె డేటర్ అను 51 ఏండ్ల గృహిణిని వైద్యశాలకు తెచ్చిరి. భర్త పేరడిగిన తన పేరే చెప్పెను. కలమును చూపగా కలమనెను. కొంతసేపటికి ఏమి చూపిరో మరచెను. పేరు వ్రాయుమనగా సగములో ఆగిపోయెను. ఆ వయసున అంతటి మరపు రాదగినది కాదు. ఆల్జీమర్ ఆమె మాటలను శ్రద్ధగా వ్రాసికొనెను.

1903లో ఆయన క్రేపెలిన్ ఆచార్యుని కడ పనిచేయుటకు మ్యూనిచ్ నగరమునకు వెడలెను గాని, ఆ రోగిని మరవలేదు. 1906 ఏప్రిలులో ఆమె మరణింపగా, మెదడును తెప్పించుకొని, పలుచని పొరలుగా కోసి, వెండిలవణముతో రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచెను. కణములలో చిక్కుపడిన దారముల వంటివియు, కణముల నడుమ చిన్న గడ్డలును కనిపించెను. మాంసకృత్తులు సరిగా మడతపడిననే శరీరమునకు పనికివచ్చును. మడత తప్పినవి, కలియబెట్టని జావ ఉండలు కట్టినట్లు, ఒకదానికొకటి అంటుకొని పేరుకొనును. అట్లు పేరుకొన్నదానికే అమిలాయిడ్ అని పేరు. ఈ కారణము ఆల్జీమరునకు తెలియదు. ఆయన చూచినది గడ్డలను మాత్రమే.

ఆ నవంబరు 3న ట్యూబింగెన్ నగరమున వైద్యుల సభలో ఈ విషయమును విన్నవించెను. ఒక్కరును ప్రశ్నింపలేదు. అంతటి పరిశోధన విని సభ మిన్నకుండుట వింతయే. 1910లో క్రేపెలిన్ తన గ్రంథమున ఆ వ్యాధికి శిష్యుని పేరు పెట్టెను. 1915 డిసెంబరు 19న, తానును 51 ఏండ్ల వయసుననే, ఆల్జీమర్ బ్రెస్లావ్ నగరమున మరణించెను.

1984లో అమెరికాలో గ్లెన్నర్, వాంగ్ అనువారు ఆ మాంసకృత్తును వేరుచేసి గుర్తించిరి. గడ్డకట్టుటను ఆపు మందులకై అన్వేషణ అటుపిమ్మట సాగెను. పెక్కు ప్రయత్నములు విఫలమైనవి. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అను మందు, తొలిదశ రోగులలో గడ్డలను తగ్గించి, వ్యాధిని కొంత మందగింపజేయును. పోయిన జ్ఞాపకమును మాత్రము తిరిగి తేజాలదు. కొందరికి మెదడులో వాపును, రక్తస్రావమును కూడ కలిగించును.

అగుస్తె కాగితముల కట్ట చాలకాలము కానరాలేదు. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అది దొరికెను. ఆల్జీమర్ దస్తూరితో ప్రశ్నలును జవాబులును, ఆమె పూర్తిచేయలేకపోయిన పేరును అందు చెక్కుచెదరక యున్నవి.