పాశ్చర్ మనకు మిగిల్చి వెళ్లిన పని

వీధిలో కుక్క ఎవరినో కరిచిందనగానే ఏమవుతుందో మీకు తెలుసు. కర్రలు బయటికి వస్తాయి. కరిచిన కుక్కతోపాటు కరవని కుక్కలకూ ఆ రోజుతో నూకలు చెల్లుతాయి. గాయం మీద ఎవరో పసుపో, కారమో అద్దుతారు. దానితో కోపం చల్లారుతుంది గాని ప్రమాదం తొలగదు. కొన్నాళ్లు గడిచేసరికి ఆ వీధిలోకి మళ్లీ కుక్కలు వచ్చి చేరతాయి. పిచ్చికుక్క కాటుకు విరుగుడు కనుగొన్న లూయీ పాశ్చర్ జీవితం ఈ విషయంలో మనకేమి నేర్పుతుందో ఈ వారం చూద్దాం.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశపు తూర్పు ప్రాంతంలోని దోల్ పట్టణంలో జన్మించారు. తండ్రి తోళ్లు పదును చేసి బ్రతికే కష్టజీవి. కుటుంబం తరువాత ఆర్బువా అనే చిన్న ఊరు చేరింది. 1831లో పిచ్చిపట్టిన తోడేలు ఒకటి ఆ చుట్టుపక్కల పల్లెల మీద పడి ఎందరినో కరిచింది. అప్పట్లో దానికి తెలిసిన వైద్యం ఒక్కటే, కరిచిన చోట ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టడం. కమ్మరి కొలిమి దగ్గర ఒక మనిషి అలా వాత పెట్టించుకోవడం ఎనిమిదేళ్ల లూయీ చూశాడు. ఆ దృశ్యం ఆయన మనసులో జీవితాంతం నిలిచిపోయింది.

పాశ్చర్ వైద్యుడు కారు, రసాయన శాస్త్రజ్ఞుడు. ద్రాక్షరసం పాడవకుండా వేడిచేసే పద్ధతి ఆయనదే. మనం కొనే పాల ప్యాకెట్ మీద ఆయన పేరు నేటికీ పాశ్చరైజ్డ్ అన్న మాటలో కనిపిస్తుంది. పట్టుపురుగుల తెగులు కనిపెట్టి ఎందరో రైతులను నిలబెట్టారు. ఇంటిలో మాత్రం దుఃఖం వెంటాడింది. ఐదుగురు బిడ్డలలో ముగ్గురు చిన్నతనంలోనే కన్నుమూశారు. 1868లో, నలభై ఐదేళ్ల వయసులో, పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. అయినా పని మానలేదు.

1880 తరువాత ఆయన రేబిస్ మీద పరిశోధన ప్రారంభించారు. ఈ పనికి కుక్కల మీదనే ప్రయోగాలు చేయవలసి వచ్చింది, వాటిలో ఎన్నో చనిపోయాయి. ఈ సంగతి మనం దాచకూడదు. మూగజీవాల బాధ చూసి ఓర్చుకోలేని స్వభావం పాశ్చర్‌ది. కుక్క తలకు శస్త్రచికిత్స చేయాలంటే ఆయన వెనకాడారు. శిష్యుడు ఎమిల్ రూ, ఆయన లేని సమయంలో, మత్తుమందు ఇచ్చి ఆ పని చేశారు. మరునాడు ఆ కుక్క హుషారుగా తిరుగుతూ ఉండడం చూసి పాశ్చర్ ఎంతో సంతోషించి, దానిని ముద్దుచేశారు.

రోగం సోకిన కుందేలు వెన్నుపామును ఎండబెట్టి, రోగ తీవ్రతను తగ్గించి, ఆయన టీకా తయారుచేశారు. దానిని వరుసగా కొన్ని రోజులు ఇస్తే కుక్కకు ఇక రేబిస్ సోకలేదు. మూలంలోనే రోగాన్ని ఆపాలని, అంటే కుక్కలన్నిటికీ టీకా వేయాలని ఆయన మొదట తలచారు. కాని పారిస్ నగరంలోనే లక్షకు పైగా కుక్కలున్నాయి. ఒక్కొక్క దానికి అన్నేసి సూదులు వేయడం ఎవరి తరం? అందుచేత ఆ ఆలోచన పక్కనపెట్టి, కాటు పడిన మనిషిని కాపాడే మార్గం వెదికారు.

1885 జూలై 6న అల్సాస్ ప్రాంతం నుంచి ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కుమారుడు జోసఫ్ మైస్టర్‌ను ఆయన వద్దకు తెచ్చింది. రెండు రోజుల క్రితం పిచ్చికుక్క ఆ బాలుని పద్నాలుగు చోట్ల కరిచింది. టీకా వికటిస్తే నింద తన మీద పడుతుందని పాశ్చర్‌కు తెలుసు. ఇద్దరు వైద్యులను సంప్రదించి, వారిలో గ్రాంషే చేత సూదులు వేయించారు. ఆ రాత్రులు ఆయనకు నిద్ర లేదు. పిల్లవాడు బ్రతికాడు. పెద్దయ్యాక పాశ్చర్ సంస్థలోనే కాపలాదారుగా పనిచేశాడు.

అదే అక్టోబరులో తోటి పిల్లలను కాపాడడానికి పిచ్చికుక్కతో కలబడిన గొర్రెల కాపరి జూపీయ్‌ కూడా టీకాతో బ్రతికాడు. నవంబరులో కాటు పడిన 37 రోజులకు వచ్చిన లూయీజ్ పెల్తియే అనే పదేళ్ల పాప మాత్రం దక్కలేదు. ఆలస్యమైపోయిందని తెలిసినా ఆ తల్లిదండ్రులను వెనక్కి పంపడానికి పాశ్చర్‌కు మనసు రాలేదు. ఆ పాప పోయినప్పుడు ఆయన కన్నీరు పెట్టుకున్నారు.

1888లో పారిస్‌లో పాశ్చర్ సంస్థ వెలసింది. మన దేశంలో 1900లో కసౌలిలో, 1907లో నీలగిరులలోని కూనూరులో అటువంటి సంస్థలు ప్రారంభమయ్యాయి. తరువాత చాలా ఏళ్లు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకోవలసి వచ్చేది. మీ ఇంటి పెద్దలనడగండి, చెబుతారు. నేడు ఆ బాధ లేదు. చేతికి వేసే కొద్ది సూదులతో సరిపోతుంది.

పాశ్చర్ 1895 సెప్టెంబరు 28న కన్నుమూశారు. పారిస్ నోత్రదామ్ మహాదేవాలయంలో ఆయన అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరిగాయి.

పాఠకులారా, పాశ్చర్ చేయలేక విడిచిపెట్టిన మొదటి పని నేడు మన చేతిలో ఉంది. కుక్కకు ఇప్పుడు అన్ని సూదులు అక్కరలేదు. ఏడాదికొక టీకా చాలు. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి 70కి టీకా పడితే ఈ రోగం వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. టీకా వేసిన కుక్కను కొట్టి చంపితే ఆ స్థలంలోకి టీకా లేని కుక్క వస్తుంది. అప్పుడు నష్టపోయేది మనమే. అందుకే వీధికుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, తిరిగి అదే చోట విడిచిపెట్టాలని 2001లోను, మళ్లీ 2023లోను కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. రేబిస్ సోకినవాటిని, మనుషుల మీద పడేవాటిని తిరిగి వదలరాదని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బడులు, ఆసుపత్రుల ఆవరణలలో పట్టినవాటిని తిరిగి అక్కడే విడవరాదని కూడా చెప్పింది. కరిచే కుక్క నుంచి పిల్లలను కాపాడుకోవడం, మూగజీవిని హింసించకుండా ఉండడం, రెండూ మన బాధ్యతలే.

మన వంతుగా చేయగలిగినవి ఇవి. పెంపుడు కుక్కకు తప్పక టీకా వేయించండి. విందులయ్యాక ఎంగిలాకులు, మాంసపు వ్యర్థాలు వీధి మొగలో పారవేయకండి. తినే కుక్కను, పిల్లల తల్లి కుక్కను కదిలించవద్దని, రాళ్లు వేయవద్దని పిల్లలకు నేర్పండి. ఎవరికైనా కాటు పడితే పసరులు, మంత్రాలు వద్దు. వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, అదే రోజున ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పెల్తియే పాప విషయంలో జరిగిన ఆలస్యం మన ఇళ్లలో జరగకూడదు.

పాశ్చర్ మరణించిన సెప్టెంబరు 28ని ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నారు. ఈ ఏడు ఆ రోజున మీ విచారణలోని యువజనులు పశువైద్యుని పిలిపించి, దేవాలయ ఆవరణలోనే కుక్కలకు టీకాలు వేయించే ఏర్పాటు చేయవచ్చు. ఆయన పక్కన పెట్టవలసి వచ్చిన పని మన ఊరిలోనైనా ముందుకు సాగుతుంది.