ఆకుకు కొలత కట్టిన డాక్టరు: విలియం విథరింగ్

తాతయ్యలు, నానమ్మలు ఉన్న ఇంట్లో ఒక మందుల డబ్బా తప్పకుండా ఉంటుంది. పొద్దున బీపీ మాత్ర, దాని పక్కన ఒంట్లో నీరు తీసే మాత్ర, రాత్రికి కొలెస్ట్రాల్ మాత్ర. కొన్ని ఇళ్లలో వీటితో పాటు ఒక చిన్న మాత్ర కూడా కనిపిస్తుంది. పేరు డిగాక్సిన్. దీన్ని వారంలో 5 రోజులు వేసుకుని 2 రోజులు ఆపమని మన దగ్గర చాలామంది డాక్టర్లు చీటీ మీద రాస్తారు. మిగతా మాత్రలకు లేని సెలవులు దీనికెందుకని మీ పిల్లలు అడిగే ఉంటారు. జవాబు 250 ఏళ్ల నాటి ఒక ఇంగ్లిష్ డాక్టరు జీవితంలో ఉంది.

విలియం విథరింగ్ 1741లో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, వెల్లింగ్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి అపోథెకరీ. అంటే మందులు తానే నూరి, కలిపి, రోగిని చూసి తానే ఇచ్చే మనిషి. కొడుకు ఇంకో మెట్టు ఎక్కి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చదివి 1766లో ఎం.డి. పట్టా తీసుకున్నాడు. అక్కడ అతనికి బొత్తిగా నచ్చని సబ్జెక్టు వృక్షశాస్త్రం. ప్రొఫెసర్ ఏటా ఇచ్చే బంగారు పతకం కూడా ఆ చదువు మీద తనకున్న విముఖతను పోగొట్టలేదని ఇంటికి ఉత్తరం రాశాడు. పతకం చూపించి పిల్లలకు ఇష్టం పుట్టించగలమని నమ్మే మనలాంటి తల్లిదండ్రులు ఈ ఉత్తరాన్ని కాస్త గుర్తుంచుకోవచ్చు.

ఆ ఇష్టం తర్వాత వేరే దారిలో వచ్చింది. స్టాఫర్డ్ పట్టణంలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో హెలెనా కుక్స్ అనే యువతి అతని దగ్గరికి వైద్యానికి వచ్చింది. ఆమెకు పూల బొమ్మలు గీయడం సరదా. ఆమె గీయడానికని కొత్త కొత్త మొక్కలు వెతికి తెచ్చి ఇస్తూ ఇస్తూ డాక్టరుగారు మొక్కల మనిషైపోయాడు. 1772లో ఇద్దరికీ పెళ్లయింది. 1776 నాటికి బ్రిటన్‌లో పెరిగే మొక్కలన్నిటి మీద పెద్ద గ్రంథమే అచ్చు వేయించాడు.

అంతకు ముందు ఏడాది, 1775లో, అతను బర్మింగ్‌హామ్‌కు మకాం మార్చాడు. ఆ ఊరికి రమ్మని సలహా ఇచ్చినవాడు ఎరాస్మస్ డార్విన్. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్‌కు తాత, పేరున్న వైద్యుడు. ఆ సంవత్సరమే ఒక నాటు మందు గురించి విథరింగ్ అభిప్రాయం అడిగారు. ష్రాప్‌షైర్‌లో ఒక ముసలామె ఒళ్లు నీరు పట్టినవాళ్లకు కషాయం ఇచ్చి, పెద్ద డాక్టర్లు చేతులెత్తేసిన రోగులను కూడా కొందరిని బాగుచేస్తోంది. అందులో ఏముందో ఎవరికీ చెప్పదు. విచారిస్తే 20 రకాలకు పైగా ఆకులు, వేర్లు ఉన్నాయని తేలింది. మొక్కలు తెలిసిన విథరింగ్‌కు అసలు పని చేసేది ఏదో పట్టుకోవడం కష్టం కాలేదు. అది ఫాక్స్‌గ్లవ్. గంటల్లాంటి ఊదా పూలు గుత్తులుగా పూసే అడవి మొక్క. ఆ ముసలామెకు ఒక పేరు, ఒక బొమ్మ ఇప్పుడు చాలా చోట్ల కనిపిస్తాయి. అవి 20వ శతాబ్దంలో ఒక మందుల కంపెనీ ప్రకటన కోసం కల్పించినవి. విథరింగ్ పుస్తకంలో ఆమెకు పేరు లేదు.

మొక్క దొరికింది సరే, ఎంత ఇవ్వాలి? ఈ ప్రశ్న మీదే అతను పదేళ్లు గడిపాడు. అతను రోజూ ఒక గంట బీదవాళ్లకు ఉచితంగా వైద్యం చేసేవాడు. అలా ఏటా రెండు మూడు వేల మంది వచ్చేవారు. మొదట్లో తాను ఇచ్చిన మోతాదు మరీ ఎక్కువని, మరీ ఎక్కువ కాలం కొనసాగించానని అతనే తర్వాత ఒప్పుకున్నాడు. రోగులకు ఆగని వాంతులయ్యేవి, చూపు పచ్చగానో పసుపుగానో మారేది, నాడి ప్రమాదకరంగా నెమ్మదించేది. ఆకుల బలం ఋతువును బట్టి మారిపోతోందని గమనించాడు. మొక్క పూతకు వచ్చే వేళ ఆకులు కోసి, ఎండబెట్టి, పొడి చేశాడు. పెద్దవాళ్లకు ఆ పొడి 1 నుంచి 3 గ్రెయిన్లు, రోజుకు రెండుసార్లు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మూత్రం జారీ కావడం, వికారం, నాడి నెమ్మదించడం, విరేచనం, వీటిలో ఏది మొదలైనా వెంటనే ఆపాలని నియమం పెట్టాడు. తాతయ్య మాత్రకు డాక్టరు పెట్టే సెలవుల వెనక ఉన్నదీ అదే జాగ్రత్త.

1785లో ఫాక్స్‌గ్లవ్ మీద అతని పుస్తకం వచ్చింది. అందులో 150కి పైగా రోగుల వివరాలున్నాయి. బాగుపడినవాళ్లు, పడనివాళ్లు, చనిపోయినవాళ్లు, అందరూ ఉన్నారు. మంచి ఫలితాలు మాత్రమే ఏరి చూపిస్తే మందుకు గొప్ప పేరు వచ్చేదని, అది అబద్ధమయ్యేదని అతనికి తెలుసు. చూసిందంతా వరసగా రాశాడు. నా దృష్టిలో మొక్కను గుర్తించడం కంటే ఇది పెద్ద పని.

ఈలోగా స్నేహం చెడింది. డార్విన్ కొడుకుల్లో చార్లెస్ అనే వైద్య విద్యార్థి 1778లో చనిపోయాడు. అతని వ్యాసాన్ని తండ్రి 1780లో అచ్చు వేస్తూ, చివర ఫాక్స్‌గ్లవ్ కేసులు కొన్ని చేర్చాడు. విథరింగ్ పేరు ఎక్కడా లేదు. ఆ తర్వాత ఇద్దరి మధ్య మాటలు మళ్లీ సరిగా కలవలేదు.

ఇంతకీ ఆ ఆకు చేసేదేమిటి? మూత్రం ఎక్కువ కావడం చూసి అది నీటి జబ్బుకు మందని అనుకున్నా, గుండె కదలిక మీద దానికి మరే మందుకూ లేనంత పట్టు ఉందని విథరింగ్ గమనించి రాశాడు. ఎలా అన్నది 20వ శతాబ్దంలో తెలిసింది. గుండె కణం గోడలో సోడియంను బయటికి తోసి, పొటాషియంను లోపలికి తెచ్చే పంపు ఒకటి ఉంటుంది. డిగాక్సిన్ దాన్ని కొంత అడ్డుకుంటుంది. లోపల సోడియం పెరుగుతుంది, దానితో పాటు క్యాల్షియం నిలుస్తుంది. క్యాల్షియం పెరిగితే కండరం గట్టిగా ముడుచుకుంటుంది. మరోవైపు వేగస్ నాడి ద్వారా లయను నెమ్మదింపజేస్తుంది. అలసిన గుండె బలంగా కొడితే కిడ్నీలకు రక్తం బాగా అందుతుంది, కాళ్లలో చేరిన నీరు దిగుతుంది. మన పెరళ్లలో పెరిగే పచ్చగన్నేరు కాయలోని విషం కూడా ఇదే పంపును పట్టుకుంటుంది. అందుకే పిల్లలను ఆ కాయల జోలికి పోనివ్వకూడదు.

డబ్బాలోని మిగతా మాత్రల దారులు వేరు. ఆమ్లోడిపిన్ రక్తనాళాల గోడల్లోకి క్యాల్షియం పోకుండా ఆపి వాటిని వదులు చేస్తుంది. రామిప్రిల్ నాళాలను బిగించే యాంజియోటెన్సిన్ తయారీని తగ్గిస్తుంది, టెల్మిసార్టాన్ అది పనిచేసే చోటును మూసేస్తుంది. మెటోప్రొలాల్ అడ్రినలిన్ తాకిడి నుంచి గుండెను కాపాడి వేగం తగ్గిస్తుంది. ఫ్యూరోసెమైడ్ కిడ్నీల ద్వారా ఉప్పును, నీటిని బయటికి పంపుతుంది, వాటితో పొటాషియం కూడా పోతుంది. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషంగా మారే ప్రమాదం పెరుగుతుంది. ఈ రెండు మాత్రలూ కలిసి వాడే పెద్దవాళ్లకు డాక్టరు రక్తపరీక్ష రాస్తే వాయిదా వేయకండి. వాళ్లకు అన్నం సహించకపోయినా, చూపు పసుపుగా అనిపించినా మర్నాటి దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి.

విథరింగ్ చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1791లో బర్మింగ్‌హామ్‌లో శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఇంటిని తగలబెట్టిన అల్లరిమూక, విథరింగ్ ఉంటున్న ఎడ్జ్‌బాస్టన్ హాల్ మీదికి కూడా వచ్చింది. సైన్యం వస్తోందన్న కబురుతో ఆ ఇల్లు దక్కింది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, చలికాలాలు గడపడానికి రెండుసార్లు లిస్బన్ వెళ్లాడు. అక్కడా ఊరికే కూర్చోలేదు, వేడినీటి బుగ్గల నీళ్లు పరీక్షిస్తూ గడిపాడు. 1799 అక్టోబరు 6న, 58వ ఏట కన్నుమూశాడు. ఎడ్జ్‌బాస్టన్ పాత చర్చిలో అతని స్మారక ఫలకం మీద ఫాక్స్‌గ్లవ్ కొమ్మ ఒకటి చెక్కి ఉంది.