కవి కూతురు రాసిన లూప్

మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో మొదట్లో అందరిదీ ఒకటే తంటా. సీలో ‘ఫర్’ అని ఒక్క లైన్‌లో రాసేసే లూప్, అసెంబ్లీలోకి వచ్చేసరికి మాయమైపోతుంది. సీఎక్స్‌లో లెక్క పెట్టుకోవాలి, పని చేయాలి, ఒకటి తగ్గించాలి, సున్నా కాకపోతే వెనక్కి దూకాలి. అసలు కంప్యూటరే లేని రోజుల్లో ఈ తంటా పడినామె ఒకరున్నారు. ఆమె అడా లవ్‌లేస్.

అడా 1815 డిసెంబర్ 10న లండన్‌లో పుట్టింది. నాన్న పేరుమోసిన కవి లార్డ్ బైరన్. నెలల పిల్లగా ఉన్నప్పుడే అమ్మానాన్నలు విడిపోయారు. ఆమె తండ్రిని మళ్లీ చూడలేదు. ఆయన పోలికలు రాకూడదని తల్లి పట్టుబట్టి లెక్కలు చెప్పించింది. 17 ఏళ్లప్పుడు చార్లెస్ బాబేజ్ పరిచయమయ్యాడు. తర్వాత ఆయన పళ్లచక్రాలతో, చిల్లుల కార్డులతో నడిచే అనలిటికల్ ఇంజిన్‌ని ఊహించాడు. అది ఎప్పటికీ పూర్తికాలేదు.

ఆ యంత్రం మీద మెనాబ్రియా అనే ఇటలీ ఇంజనీరు 1842లో ఫ్రెంచిలో వ్యాసం రాశాడు. అడా దాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది. 1843లో అచ్చయ్యేసరికి, ఆమె చేర్చిన నోట్స్ అసలు వ్యాసానికి దాదాపు మూడింతలు! చివరి నోట్‌లో బెర్నూలీ సంఖ్యల్ని లెక్కగట్టే పట్టిక ఉంది. అందులో బాబేజ్ వాటా ఎంత అనే వాదన నేటికీ నడుస్తోంది.

మనం చూడాల్సింది ఆ పట్టికనే. మొత్తం 25 మెట్లు. ఒక్కో మెట్టులో కూడికో, తీసివేతో, గుణకారమో, భాగహారమో ఒక్కటే. అంకెలు ఏ గడి నుంచి తీసుకోవాలో, ఫలితం ఏ గడిలో పెట్టాలో రాసి ఉంటుంది. 13 నుంచి 23 దాకా మెట్లు మళ్లీ మళ్లీ చేయాలి. చుట్టు తిరిగినప్పుడల్లా పదో గడిలో ఒకటి తగ్గుతుంది. అదే మన సీఎక్స్! మరి వెనక్కి దూకడం? కార్డుల వరసని వెనక్కి తిప్పడమే.

నడిపి చూద్దామంటే యంత్రం లేదు. అచ్చయిన పట్టికలో నాలుగో మెట్టు దగ్గర భాగహారం తలకిందులైంది. తప్పు చూపించడానికి డీబగ్గర్ ఎక్కడిది?

1852 నవంబర్ 27న, 36 ఏళ్లకే క్యాన్సర్‌తో కన్నుమూసింది. బైరన్ పోయిందీ 36 ఏళ్లకే. తన కోరిక ప్రకారమే, ఎన్నడూ ఎరగని ఆ తండ్రి పక్కనే ఆమెని సమాధి చేశారు.

ఈసారి ల్యాబ్‌లో జంప్ ఎటు పోతోందో అంతుపట్టకపోతే, కీబోర్డు పక్కన పెట్టి కాగితం మీద గడులు గీసుకోండి. ఒక్కో చుట్టూ చేత్తో తిప్పి చూడండి. అడా దగ్గర ఉన్నదీ ఆ కాగితమే.