ఎల్.ఎమ్. అంటే ఆవిడే!

మా ఆడపడుచు కూతురు ఎంబీఏ మొదటి ఏడాది పరీక్షలకి మా ఇంట్లో ఉండి చదువుకుంది. ఓ మధ్యాహ్నం నేను పప్పులో రాళ్ళేరుతుంటే అది పైకి చదువుతోంది. మోషన్ స్టడీ అనే పాఠంలో ఎఫ్.బి. గిల్‌బ్రెత్, ఎల్.ఎమ్. గిల్‌బ్రెత్ అని రెండు పేర్లొచ్చాయి. అన్నదమ్ములా అనడిగాను. అయ్యుంటారత్తయ్యా అంటూ పేజీ తిప్పేసింది.

దాని ధ్యాస పాఠం మీద లేదు. సంబంధాలు చూస్తున్నారు. పెళ్ళయితే రెండో ఏడాది పూర్తిచెయ్యనిస్తారో లేదోనని బెంగ. నేనేం చెప్పను? ఎమ్మేకి ఫీజు కట్టి, పెళ్ళి కుదరగానే మానేసినదాన్ని!

ఆ పేర్ల సంగతి తరువాత తెలిసింది. అన్నదమ్ములు కాదు, భార్యాభర్తలు! ఎల్.ఎమ్. అంటే లిలియన్ మోలర్. పన్నెండుమంది పిల్లల తల్లి.

1878లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టింది లిలియన్. ఆడపిల్లకి కాలేజీ ఎందుకన్న తండ్రిని ఒప్పించి, బర్క్‌లీలో ఇంగ్లీషు సాహిత్యంతో 1900లో బీఏ, 1902లో ఎమ్మే చేసింది. 1904లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌ని పెళ్ళాడింది. ఆయన కాలేజీ గడప తొక్కలేదు. తాపీపనితో మొదలుపెట్టి కంట్రాక్టరైనవాడు. ఒక్క ఇటుక పేర్చడానికి మేస్త్రీ చేసే 18 కదలికల్ని, సరంజామా చేతికందే ఎత్తులో పెట్టించి, అయిదుకి తగ్గించినవాడు. ఆయన కదలికల్ని చూస్తే, ఈవిడ ఆ పనిచేసే మనిషి అలసటనీ, మనసునీ చూసింది.

చంటిపిల్లల్ని సాకుతూనే యాజమాన్యంలో మనస్తత్వశాస్త్రం గురించి థీసిస్ రాసింది. ఏడాదిపాటు తమ దగ్గర ఉండి చదివితేనే డాక్టరేటు అన్నారు బర్క్‌లీవాళ్ళు. దేశానికి ఆ చివరనున్న సంసారాన్ని వదిలి ఎలా వెళ్తుంది? ఆ రచనే 1914లో పుస్తకంగా వచ్చింది. రాసింది ఆడమనిషని తెలియకుండా పొడి అక్షరాలే అచ్చువేశారు. ఎల్.ఎమ్. కథ అదీ! అయినా ఆవిడ వదల్లేదు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చేరి, మరో థీసిస్ రాసి, 1915లో డాక్టరేటు తీసుకుంది.

1924 జూన్‌లో ఫ్రాంక్ గుండెపోటుతో పోయాడు. ఓ బిడ్డ అంతకుముందే డిఫ్తీరియాతో పోయింది. మిగిలిన పదకొండుమందిలో ఆఖరుదానికి రెండేళ్ళు. వారం తిరక్కుండానే ఓడెక్కి, లండన్‌లోనూ, ప్రాగ్‌లోనూ ఆయన వెళ్ళవలసిన సభల్లో తాను నిలబడి మాట్లాడింది. కానీ ఆయనతో ఒప్పందాలున్న కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. అన్నాళ్ళూ ఆ పనిలో సగం ఈవిడదేనన్న సంగతి ఎవరికీ పట్టలేదు!

ఆవిడ న్యూజెర్సీలోని సొంత ఇంట్లోనే కంపెనీల ఉద్యోగులకి క్లాసులు మొదలుపెట్టింది. ఆడదానికి తగింది వంటిల్లేనని లోకం అంటుంటే, వంటింటికే ఫ్యాక్టరీ శాస్త్రాన్ని పట్టుకొచ్చింది. 1929లో బ్రూక్లిన్‌లోని ఓ గ్యాస్ కంపెనీ కోసం నమూనా వంటిల్లు తీర్చింది. పొయ్యి, గట్టు, సామాన్లు అన్నీ చేతికందేలా! మామూలుగా 281 అడుగులు నడిస్తేగానీ తయారుకాని కేకు, అందులో 45 అడుగుల్లో అయిపోయింది. కాలితో నొక్కితే మూత లేచే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపులో అరలు కూడా ఆవిడ ఆలోచనలేనంటారు. నిజం చెప్పొద్దూ, ఆవిడకి వంట అంతంతమాత్రమే. ఇంట్లో పనివాళ్ళుండేవారు. అయితేనేం, వండేవాళ్ళ నడుంనొప్పి తెలుసు.

1935లో, 57వ ఏట, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ ప్రొఫెసరైంది. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో ఆడ ప్రొఫెసరు ఆవిడే మొదలు. పదకొండుమందినీ కాలేజీ చదువులు చదివించింది. 1972లో, 93 ఏళ్ళు నిండాక కన్నుమూసింది.

ఇదంతా చెబితే మా పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరువాత పుస్తకం తెరిచి, ఎల్.ఎమ్. పక్కన పెన్సిలుతో లిలియన్ అని రాసుకుంది. ఆ సాయంత్రమే మా ఆడపడుచుకి ఫోన్ చేశాను, ఏ సంబంధమైనా ముందు చదువు సంగతి తేల్చుకున్నాకే కట్నకానుకల మాట ఎత్తమని.

ఆనక వంటింట్లోకెళ్ళి, పై అరలో ఉన్న పోపులడబ్బా దింపి పొయ్యి పక్కన పెట్టుకున్నాను. అత్తగారి కాలంనుంచీ అది అక్కడే ఉందని, ఇన్నేళ్ళూ మునివేళ్ళ మీద లేచి అందుకుంటున్నాను మరి!