నీటిబాట వేసిన దొర

కోనసీమలోని ఐనవిల్లి సిద్ధివినాయకుని క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. ఆ ఊరి చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు, వాటి నడుమ నిండుగా పారే కాలువలు కనువిందు చేస్తాయి. ఈ కాలువలు పొలాలను తడపడానికే పుట్టాయని నేటివారికి తోచడం సహజం. కాని గోదావరి కాలువలు ఒకనాడు పడవలకు రాచబాటలు. పంటనూ ప్రయాణాన్నీ ఒకే నీటిలో దర్శించిన ఇంజనీరు సర్ ఆర్థర్ థామస్ కాటన్.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చదివి, 1821లో మద్రాసు చేరి, ఇంజనీరింగు దళంలో కొలువు ప్రారంభించారు. తంజావూరు సీమలో చోళుల నాటి కల్లణను శ్రద్ధగా పరిశీలించారు. ఇసుక పునాదిపై కూడ ఆనకట్ట నిలుస్తుందన్న రహస్యాన్ని ఆ పురాతన నిర్మాణం నుండే గ్రహించి, 1836 నాటికి కొల్లిడం నదిపై ఆనకట్టలు కట్టించారు.

ఆ కాలంలో గోదావరి సీమ దుర్భర స్థితిలో ఉండేది. 1833 నాటి కరవు వేలాది ప్రాణాలను బలిగొన్నది. 1839లో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచెత్తింది. 1821లో 7,38,000గా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5,61,000కు పడిపోయింది. మహానది చెంతనే ఉన్నా జనులు ఆకలితో మరణించడం కాటన్‌ను కలచివేసింది. 1844లో ఆయన డెల్టాను పరిశీలించి ప్రభుత్వానికి నివేదిక సమర్పించారు. శిస్తు పెరుగుతుందన్న ఆశ కూడ కుంపిణీని కదిలించింది. 1846లో అనుమతి లభించగా, 1847లో ధవళేశ్వరం వద్ద పని మొదలయింది.

నాటి ధవళేశ్వరం రేవు ఒక మహా కర్మాగారమే. కొండను పగులగొట్టి తీసిన రాళ్లను ఇనుప పట్టాలపై నడిచే బండ్లలో నది ఒడ్డుకు తెచ్చి, పడవలలో ఏటి నడుమకు చేర్చేవారు. రేవు చెంతనే తలుపులు, పనిముట్లు తయారుచేసే కార్ఖానా వెలసింది. వేలాది కూలీలు ఎండలో శ్రమించారు. వీణం వీరన్న కూలీలను సమకూర్చి, పనులను పర్యవేక్షించి కాటన్‌కు కుడిభుజమయ్యారు. నడుమ కాటన్ తీవ్రంగా జబ్బుపడి సెలవుపై వెళ్లినపుడు కెప్టెన్ ఆర్ పనిని ఆగనివ్వలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం శాఖలుగా ఆనకట్ట 1852లో పూర్తయింది.

బొబ్బర్లంక నుండి కాలువ నీరు కోనసీమకు చేరింది. ఐనవిల్లికి చేరువనున్న గన్నవరం వద్ద వైనతేయ పాయ అడ్డు వచ్చింది. నదిపైన మరో నీటిదారిని నడిపేందుకు 49 కమానులతో అక్విడక్టు నిర్మించారు. కింద నది, పైన కాలువ ప్రవహించే ఆ కట్టడం వల్ల ఆవలి లంకభూములకు కూడ నీరందింది.

కాలువలలో పడవలు సాగడానికి లాకులు కట్టారు. నీటిమట్టం మారే చోట రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని నింపి గాని తగ్గించి గాని ముందుకు పంపేవారు. గాలి ఉన్నపుడు తెరచాప ఎత్తి, లేనపుడు గట్టు వెంట తాడు పట్టి లాగుతూ పడవవారు ధాన్యాన్నీ ప్రయాణికులనూ గమ్యం చేర్చేవారు. రహదారి పడవలో రాత్రి ఎక్కినవారు తెల్లవారుసరికి మరో ఊరి రేవులో దిగేవారు.

దేశమంతటా ఇట్టి నీటిబాటలు పరచాలని కాటన్ కోరుకున్నారు. రైళ్లకన్నా కాలువలపై ధనం వెచ్చించడం మేలని వాదించి, పాలకుల ఆగ్రహానికి గురయ్యారు. 1878లో పార్లమెంటు సంఘం ఆయనను నిలదీసి ప్రశ్నించింది. ఆయన తన మాట మార్చుకోలేదు. 1899 జూలై 24న కన్నుమూశారు. మరుసటి ఏడాదే రాజమండ్రి వద్ద గోదావరిపై రైలు వంతెన ప్రారంభమయింది. కాలక్రమంలో బస్సులు కూడ రావడంతో పడవల రేవులు మూగవోయాయి.

పాత ఆనకట్ట స్థానంలో నిర్మించిన బ్యారేజీ 1982 నుండి కాటన్ పేరుతో నిలిచి ఉంది. ధవళేశ్వరంలో ఆయన స్మారక ప్రదర్శనశాల వెలసింది. కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల కాలువల దారిని 2008లో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆయన ఇచ్చిన అన్నాన్ని మనం నిలుపుకొన్నాం. ఆయన చూపిన బాటను మాత్రం విస్మరించాం. కాలువలో చెత్త పడవేసే ముందు, అది ఎందరి చెమటతో తవ్విన దారియో ఒక్కసారి తలచుకోవడం మన కనీస ధర్మం.