మైకేల్ ఫారడే

ఇంగ్లండు దేశమున, లండను నగరమునకు చేరువనున్న న్యూయింగ్టను అను చోట, 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన మైకేల్ ఫారడే జన్మించెను. తండ్రి కమ్మరి, తరచుగ వ్యాధిపీడితుడై పనికి పోజాలకుండెను. 1801వ సంవత్సరమున ధాన్యపు ధరలు మిక్కిలి పెరిగి బీదలకు తిండి కరవయ్యెను. ఆ దినములలో మైకేలునకు వారమునకొక రొట్టె మాత్రమే లభించెడిది. దానితోనే అతడు ఏడు దినములు గడుపుకొనవలసియుండెను. చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు – ఇంతకు మించిన విద్య అతనికి పాఠశాలలో అబ్బలేదు.

పదుమూడవ యేట మైకేల్ రీబో అను పుస్తకముల వర్తకునియొద్ద పనికి కుదిరెను. మరుసటి సంవత్సరమునుండి ఏడేండ్లపాటు అచ్చటనే పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చెను. కట్టుటకు వచ్చిన పుస్తకములను పని ముగిసిన పిమ్మట చదువసాగెను. జేన్ మార్సెట్ అను విదుషీమణి సంభాషణరూపమున వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథము అతని కంటబడెను. అందు చెప్పిన విషయములను అతడు ఊరక నమ్మలేదు. తన కొలది సంపాదనలో కొంత మిగిల్చి, సామగ్రి కొని, చిన్న ప్రయోగములు తానే చేసి చూచెను. కన్నులార చూచిన పిదపనే విశ్వసించెను. ఈ అలవాటు అతనిని జీవితాంతము విడువలేదు.

1812వ సంవత్సరమున, దుకాణమునకు వచ్చు ఒక పెద్దమనిషి దయవలన, రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చిన నాలుగు ఉపన్యాసములు వినుభాగ్యము అతనికి కలిగెను. విన్నదంతయు వ్రాసికొని, బొమ్మలు గీసి, అందముగ అట్ట కట్టి, ఆ పుస్తకమును డేవీకి పంపెను. శాస్త్రసేవలో ఏదేని పని యిప్పింపుమని వేడుకొనెను. 1813వ సంవత్సరము మార్చి 1వ తేదీన ఆ సంస్థయందే సహాయకుడుగ నియమింపబడెను. 1831వ సంవత్సరమున అయస్కాంతము సాయమున విద్యుత్తును పుట్టించు విధమును ఆయన కనుగొనెను. నేటి విద్యుదుత్పాదక యంత్రములకు ఆ పరిశోధనయే మూలము.

ఇట్టి మహాశాస్త్రజ్ఞుడు బాలురను మరువలేదు. రాయల్ ఇన్‌స్టిట్యూషనులో క్రిస్మసు సెలవులందు బాలబాలికలకు ఉపన్యాసములిచ్చు ఏర్పాటు 1825వ సంవత్సరమున ప్రారంభమయ్యెను. 1827 మొదలు 1860 వరకు ఫారడే పందొమ్మిది పర్యాయములు ఈ ఉపన్యాసములను నిర్వహించెను. 1860వ సంవత్సరము డిసెంబరులో, తన 69వ యేట, కడపటి పర్యాయము బాలుర యెదుట నిలిచెను. అప్పటికే ఆయన జ్ఞాపకశక్తి సన్నగిల్లియుండెను. ఆరు ఉపన్యాసములకు ఆయన ఎన్నుకొన్న విషయము ఒక క్రొవ్వొత్తి!

కరగిన మైనము వత్తిగుండ పైకెట్లు ప్రాకును? దీనిని తెలుపుటకు ఆయన పళ్ళెములో ఉప్పును స్తంభమువలె నిలిపి, అడుగున నీలిరంగు కలిపిన ఉప్పునీటిని పోసెను. ఆ నీటిలో కరగగలిగినంత ఉప్పు అదివరకే కరగియుండుటచే స్తంభము కరగలేదు. ఉప్పురవల సందులగుండ నీలిరంగు మెల్లమెల్లగ పైకెగబ్రాకెను. వత్తిలో జరుగునదియు ఇదియే.

ఆ కాలమున ఆంగ్లబాలురకు క్రిస్మసునాడు ఒక వినోదముండెడిది. పళ్ళెములో ఎండుద్రాక్షపండ్లు వేసి, బ్రాందీ పోసి, పెద్దలు వెలిగించెడివారు. పిల్లలు మంటలోనుండి పండ్లను చటుక్కున తీసి తినెడివారు. ఫారడే ఆ ఆటనే సభలో చూపెను. పండ్లు వత్తులుగ నిలువ, చుట్టునున్న ద్రవము నూనెవలె మండెను. పండుగనాటి ఆటయే పాఠమయ్యెను.

మంచును, ఉప్పును నింపిన గిన్నెను క్రొవ్వొత్తి జ్వాలపై పట్టగా దాని అడుగున నీటిబొట్టు చేరెను. మంటనుండి నీరు పుట్టుట చూచి పిల్లలు ఎంత అబ్బురపడిరో ఊహింపవచ్చును.

కడపటి ఉపన్యాసమున ఆయన చక్కెరకు గంధకికామ్లమును కలిపెను. చక్కెరలోని నీరు తొలగి నల్లని బొగ్గు మిగిలెను. మనము తిను తీపిలో సైతము బొగ్గు దాగియున్నదని దానివలన తేటపడెను. క్రొవ్వొత్తి మండునప్పుడు వెలువడు వాయువు సున్నపుతేటను తెల్లబరచును. మన యూపిరియు అట్లే తెల్లబరచును. ఆహారములోని బొగ్గు ప్రాణవాయువుతో కూడి మనకు వెచ్చదనమిచ్చి, బొగ్గుపులుసు వాయువై శ్వాసతో వెలువడుటయే ఇందులకు కారణము. మనుష్యుని జీవనమునకును క్రొవ్వొత్తి మంటకును గల పోలిక అట్లు వెల్లడియయ్యెను.

ఆ కాలమున ఇంగ్లండులోని గొప్ప పాఠశాలలలో గ్రీకు, లాటిన్ భాషలదే అగ్రస్థానము. ప్రకృతిశాస్త్రమునకు చోటు బహుస్వల్పము. 1862వ సంవత్సరమున ఆ పాఠశాలల స్థితిని విచారించుటకు ఏర్పడిన రాజసంఘము ఫారడేను పిలిచి అడిగెను. బాలురు శాస్త్రమును గ్రహింపగలరనియు, వారికి దానిని బోధింపవలెననియు ఆయన నిర్భయముగ సాక్ష్యమిచ్చెను. ఏండ్ల తరబడి పిల్లల నడుమ నిలిచి బోధించిన అనుభవమే ఆ మాటలకు బలము.

రాయల్ సొసైటీ అధ్యక్షపదవి తన్ను వరించి వచ్చినను ఆయన స్వీకరింపలేదు. 1867వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన హాంప్టన్ కోర్టులో ఆ మహనీయుడు కన్నుమూసెను.

బాలబాలికలారా! ఫారడే చూపిన ఉప్పు, చక్కెర, మంచు అరుదైన వస్తువులు కావు. వానిని అందరును చూతురు. ఎందుకు, ఎట్లు అని ప్రశ్నించువారు కొలదిమంది. ఆ ప్రశ్నను విడువనివానికి వంటయిల్లును ప్రయోగశాలయే యగును.