స్టాపర్ జర్నైల్ సింగ్

కోల్‌కతాకు బదిలీ మీద వచ్చినవాళ్లను ఇక్కడివాళ్లు మొదటి నెలలోనే ఒక ప్రశ్న అడుగుతారు. పేరు, ఊరు, ఆఫీసు అన్నీ అయ్యాక, మోహన్ బగానా, ఈస్ట్ బెంగాలా అని. మమ్మల్ని చేపల బజారులో అడిగారు. అప్పటికి మాకు గ్యాసు కనెక్షనే రాలేదు. ఇంట్లో సగం పెట్టెలు కట్టిన తాళ్లతోనే ఉన్నాయి. ఇంకా తేల్చుకోలేదన్నాం. చేపలాయన మా వంక జాలిగా చూశాడు. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ చేప కొనే ఊరు ఇది. ఇలిశ అంటే మరేదో కాదు, మన గోదావరి పులసే.

జవాబు వెతుక్కుంటూ పాత ఆటగాళ్ల గురించి చదవడం మొదలుపెట్టాం. చదువుతూ చదువుతూ ఒకాయన దగ్గర ఆగిపోయాం. ఆయనది బెంగాల్ కాదు. మాతృభాష బెంగాలీ కాదు. అయినా మోహన్ బగాన్ వాళ్లు తమ గొప్పవాళ్లను లెక్కపెట్టేటప్పుడు ఆయన్ను వదలరు. పేరు జర్నైల్ సింగ్ ధిల్లాన్.

తెలుగు చెప్పేవాళ్లం కనుక ముందు ఆ పేరు సంగతి చూద్దాం. సైన్యంలో జనరల్ అనే హోదా ఉంది కదా, ఆ మాటే పంజాబీ నోట్లో నలిగి జర్నైల్ అయింది. మీరు తొమ్మిదో తరగతిలో తద్భవాలు చదివారు. అది సంస్కృతానికే పరిమితమైన వ్యవహారం అనుకోకండి.

జర్నైల్ 1936 ఫిబ్రవరి 20న పుట్టాడు. కుటుంబం పశ్చిమ పంజాబులో, లయల్‌పూర్ ప్రాంతంలో ఉండేది. ఆ ఊరిని ఇప్పుడు ఫైసలాబాద్ అంటున్నారు, అది పాకిస్తాన్‌లో ఉంది. 1947లో దేశం రెండుగా చీలినప్పుడు అతనికి పదకొండేళ్లు. మన ఇళ్లలో బదిలీ ఆర్డరు కాగితం మీద వస్తుంది, సామాను లారీ వస్తుంది, కొత్త ఊళ్లో క్వార్టరు ఉంటుంది. ఆ పంజాబు పిల్లలకు అవేవీ లేవు. పొలం, ఇల్లు, బడి వెనక వదిలేసి, ప్రాణాలతో సరిహద్దు దాటితే చాలనుకుని బయల్దేరారు. జర్నైల్ వాళ్లు హోషియార్‌పూర్ జిల్లాలోని పనామ్ అనే పల్లెలో స్థిరపడ్డారు.

ఆ పక్కనే మాహిల్‌పూర్ ఉంది. చిన్న ఊరే గాని అక్కడ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆ ఊరి ఖాల్సా కాలేజీలో జర్నైల్ ఆట పదునెక్కింది. 1950ల చివర్లో కోల్‌కతా వచ్చి ముందు రాజస్థాన్ క్లబ్బుకు ఆడాడు. 1959లో మోహన్ బగాన్‌లో చేరాడు. దాదాపు పదేళ్లు అక్కడే.

ఇక్కడ మాకు ఒక సంగతి విచిత్రంగా తోచింది. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్లు ఎక్కువమంది ఈస్ట్ బెంగాల్ క్లబ్బును తమదిగా చేసుకున్నారు. జర్నైల్ కూడా ఇల్లు పోగొట్టుకుని వచ్చినవాడే, కాకపోతే అవతలి సరిహద్దు నుంచి. అతను ఆడింది మాత్రం ఎదుటి పక్షానికి.

అతని చోటు స్టాపర్. గోల్‌కీపరుకు ముందు, రక్షణ వరుస నడిమధ్యలో నిలబడేవాడిని కోల్‌కతాలో ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఆ పనికి పేరు తక్కువ. గోల్ వేసినవాడి ఫొటో పేపర్లో పడుతుంది. గోల్ పడకుండా ఆపినవాడికి బట్టల నిండా బురద మిగులుతుంది. బురద అని ఊరికే అనలేదు. కోల్‌కతా లీగు ఆడేది వానాకాలంలో, మైదాన్‌లోని గడ్డి నేల మీద. పొడుగాటి మనిషి, తల మీద ముడి, దానికి కట్టిన గుడ్డ, బంతికి అడ్డంపడితే అవతలివాడు ఆలోచించుకోవాల్సిందే. అతను ఉన్న రోజుల్లో మోహన్ బగాన్ 1962 నుంచి 1965 దాకా వరసగా నాలుగేళ్లు లీగు గెలిచింది. 1963, 64, 65లో వరసగా మూడుసార్లు డ్యూరాండ్ కప్పు కూడా. అందులో 1963 ఫైనల్లో ఓడిపోయింది మన ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు. ఆ మాట రాయడానికి మాకు కొంచెం కష్టంగానే ఉంది.

1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో జర్నైల్ ఉన్నాడు. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్న జట్టు అది. అయితే అతని కథకు గుండెకాయ 1962 జకార్తా ఆసియా క్రీడలు.

ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు మనిషి. మొదట బడిపంతులు, తర్వాత హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును దేశంలోనే మేటిగా తీర్చిదిద్దిన గురువు. జట్టులో ఆయనతో పాటు మనవైపు వాళ్లు ఇంకా ఉన్నారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్, హైదరాబాదులో పుట్టిన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్. కెప్టెన్ మోహన్ బగాన్‌కు చెందిన చునీ గోస్వామి.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. రెండో ఆటలో థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచారు గాని జర్నైల్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. స్టాపర్ పనిలో సగం తలతోనే ఉంటుంది. పైనుంచి వచ్చే ప్రతి బంతినీ తలతో కొట్టి బయటికి పంపాలి. కుట్లు పడ్డ తలతో ఆ పని రోజంతా చేయించడం కుదరదు. మరి అలాంటి మనిషిని బయట కూర్చోబెట్టడమా?

రహీం సాబ్ వేరేగా ఆలోచించారు. సెమీఫైనల్లో జర్నైల్‌ను వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. ఏళ్ల తరబడి గోల్ పడకుండా కాపలా కాసినవాడిని ఇప్పుడు గోల్ వేసి రమ్మన్నారన్నమాట. దక్షిణ వియత్నాంతో ఆ ఆట 3-2తో గెలిచారు. అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

దీనికి పోలిక చెబితే నవ్వుతారేమో. ఒక పోస్టింగులో తెలుగు తీసుకునే పిల్లలు చాలక మాకు గ్రంథాలయం, ఉదయం అసెంబ్లీ, కొన్నాళ్లు ఆటల పిరియడ్లు అప్పగించారు. విజిల్ ఎలా ఊదాలో కూడా తెలియదు. ఆ రెండు వారాలు మేము పడ్డ బెంగ తలచుకుంటే, కుట్లతో, లక్షమంది ముందు కొత్త చోట నిలబడిన మనిషి గుండె ఎంతటిదో అనిపిస్తుంది.

లక్షమంది అన్నది ఉత్త మాట కాదు. సెప్టెంబరు 4న జకార్తాలోని సెనయాన్ స్టేడియం దాదాపు అంత జనంతో నిండింది, అందులో చాలామంది మనవాళ్ల మీద కోపంతో ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనకూడదని ఆసియా క్రీడల సమాఖ్యలో ఉన్న మన జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో భారత రాయబార కార్యాలయం మీదకే జనం వెళ్లారు. ఆటగాళ్లకు ఆ గొడవతో సంబంధం లేదు, అయినా మైదానంలోకి దిగితే చెవులు చిల్లులు పడేలా ఎగతాళి.

ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా, మొదటి రోజు ఓడించిన జట్టే. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ వేశాడు. ఇరవయ్యో నిమిషంలో జర్నైల్. మూడు నిమిషాల్లో రెండు. వెనక అతని చోటును అరుణ్ ఘోష్, చంద్రశేఖర్ వాళ్లు కాచారు. చివర్లో కొరియా ఒకటి తిరిగి వేసింది గాని 2-1తో బంగారు పతకం మనదైంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో ఆ తర్వాత ఇంతవరకు మనకు మళ్లీ బంగారం రాలేదు. రహీం సాబ్ తర్వాతి ఏడాది, 1963 జూన్ 11న, క్యాన్సరుతో కన్నుమూశారు.

జర్నైల్‌కు 1964లో అర్జున అవార్డు వచ్చింది. 1965 నుంచి 67 దాకా దేశ జట్టుకు నాయకుడు. 1966లో ఆసియా ఆల్‌స్టార్ జట్టుకు కూడా.

తర్వాత కోల్‌కతా వదిలి పంజాబు వెళ్లిపోయాడు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని పంజాబు అంతవరకు ఒక్కసారీ గెలవలేదు. 1970లో జలంధర్‌లో మైసూరును ఓడించి గెలిచింది. ఆ జట్టులో జర్నైల్ ఆటగాడూ, శిక్షకుడూ. నిన్నటి దాకా తోటి ఆటగాడిగా ఉన్నవాడు ఇవాళ తప్పు పట్టి చెబితే వినడం మామూలు విషయం కాదు, పంజాబు కుర్రాళ్లు విన్నారు.

1974లో మళ్లీ జలంధర్‌లోనే ఫైనల్. ఈసారి జర్నైల్ గీత బయట నిలబడ్డ శిక్షకుడు. ఎదురుగా వచ్చింది బెంగాల్, అంటే అతనికి అన్నం పెట్టి పేరు తెచ్చిన మైదాన్ మనుషులు. పంజాబు 6-0తో గెలిచింది. ఇందర్ సింగ్ ఆ పోటీల్లో మొత్తం 23 గోల్స్ వేశాడు. ఆరో గోల్ పడినప్పుడు జర్నైల్ మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు? మేమైతే కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాం.

తర్వాతి ఏళ్లలో పంజాబు క్రీడాశాఖలో పెద్ద పదవుల్లో పనిచేశాడు. 2000 అక్టోబరు 13న కెనడాలోని వాంకూవర్‌లో చనిపోయాడు.

మొన్న ఆదివారం చేపల బజారులో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి జర్నైల్ సింగ్ పేరు చెప్పాం. చేపలాయన కత్తి పక్కన పెట్టి మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. ఆయన ఈస్ట్ బెంగాల్ మనిషని అప్పుడు తెలిసింది. రొయ్యలు మాత్రం సరిగ్గానే తూచాడు.